ఏ ఊరి పెండ్లికి ఆ ఊరి ఆచారము



అరకు ప్రాంతపు కొండదొర కన్యను మైదానమునుండి వచ్చిన యువకుడొకడు పెండ్లాడ నిశ్చయించి, ముహూర్తమునకై మమ్ము ఆశ్రయించెను. వేదమంత్రములు లేనిదే పెండ్లి కాదని వరునివారు, ఓలి చెల్లింపనిదే పిల్లను పంపమని వధువు పెద్దలు పట్టుబట్టిరి. ఎవరి మాట శాస్త్రము?

ఆశ్వలాయన గృహ్యసూత్రము వివాహవిధిని చెప్పబోవుచు, దేశాచారములు, గ్రామాచారములు నానావిధములనియు, పెండ్లియందు వానిని పాటింపవలెననియు విధించినది. ఆపస్తంబులవారు ఆచారములను స్త్రీల నడిగి తెలిసికొనుమనిరి. మనము మంత్రములు పట్టుకొని ఈ వాక్యములను దాటిపోవుచున్నాము.

ఓలి యనగా వరునివారు కన్యవారికిచ్చు సొమ్ము. కన్యాశుల్కమును మనువు నిషేధించెను గదా యని వరుని తండ్రి. నిజమే. 1961లో చట్టము నిషేధించిన కట్నమును నేటికిని పుచ్చుకొనుచున్న మనకు ఓలిని నిందించు అధికార మెక్కడిది? (ఆయన పెద్దకోడలు తెచ్చిన సొమ్ము సంగతి మే మెరుగుదుము.)

1955 నాటి హిందూ వివాహచట్టము, కేంద్రప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిన గాని, షెడ్యూల్డు తెగలవారికి వర్తింపదు. కావున మా మంత్రములొక్కటే ఆ పిల్లకు రక్ష కాజాలవు. 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము క్రింద 30 దినముల ముందు నోటీసు ఇచ్చి నమోదు చేయించుకొనుడని చెప్పితిమి.

అప్పుడు వధువు మేనమామ, "పంతులుగారూ, ఈ అబ్బాయి వచ్చింది పిల్లకోసమా, భూమికోసమా?" అని యడిగెను. ఆ శంక వట్టిది కాదు. 1959 నాటి నిబంధన 1970లో సవరింపబడి 1/70 అని ప్రసిద్ధమైనది. దాని ప్రకారము ఏజెన్సీ భూమిని గిరిజనేతరునకు బదిలీ చేయుట చెల్లదు. పెండ్లిచేత పురుషుడు గిరిజనుడు కాడు. అయినను భార్యపేర కొని తాననుభవింపవచ్చునని ఆశపడువారుందురు. ఇక బిడ్డల మాట: తండ్రి గిరిజనేతరుడైనంతమాత్రమున వారికి తల్లి తెగ దక్కకపోదనియు, తల్లివారి నడుమ పెరిగి వారి కష్టములను పంచుకొన్నట్లు నిరూపింపవచ్చుననియు సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పినది.

మేము వరుని ప్రక్కకు పిలిచి హిడింబ కథ చెప్పితిమి. కుంతి, ధర్మరాజుల అనుమతితోనే భీముడామెను పెండ్లాడెను. ఘటోత్కచుడు పుట్టిన పిమ్మట పాండవులు తమ త్రోవను పోయిరి; ఆమె అడవిలోనే మిగిలెను. ఆ కొడుకు ప్రాణము మాత్రము వారి యుద్ధమునకు కావలసివచ్చెను. "నాయనా, కాపురమెక్కడ?" అని యడిగితిమి. కొంతసేపూరకుండి, అరకులోనే యనెను.

పెండ్లినాడు ముందుగా ఆ ఊరి ముసలమ్మలు తమ తంతు నడపిరి. వారు పిలుచువరకు మేము అరుగుమీద కూర్చుంటిమి. వరుని తండ్రి గడియారము చూచుచునే యుండెను.