ఊరి కమిటీ, గ్రామసభ

ముప్కాలు 2016లో మండలకేంద్రమైనది. కచ్చేరీలు వచ్చినవి, 44వ జాతీయ రహదారి, పోచంపాటి వరదకాలువ చెంతనే యున్నవి. ఇక నీ ఊరు పట్టణమై పెరుగుట తప్పదు. ఆ పెరుగుదలకు త్రోవ నిర్ణయించువా రెవరు?

ఆర్మూరు ప్రాంతమున సర్కారుకంటె ముందు పనికి దిగునది గ్రామాభివృద్ధి కమిటీ. కులపెద్దలు కూడి చందాలెత్తి, వేలముపాటలు నడిపి, ఆ సొమ్ముతో గుడులు, బడులు, బాటలు బాగుచేయించుచున్నారు. ఈ ఐకమత్యము మెచ్చదగినదే.

కాని కమిటీకి చట్టమున స్థానము లేదు. 73వ రాజ్యాంగ సవరణయు, 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టమును గుర్తించినది గ్రామపంచాయతిని, గ్రామసభను. మాట వినని కుటుంబములకు, ఒక్కొక్కచోట కులమునకు కులమునకే, దుకాణము బందుచేసి, మంగలిని, చాకలిని రానీయక వెలివేసిన కమిటీలు ఈ జిల్లాలో గలవు, కేసులును నడచినవి. ఇది అభివృద్ధియా? పొరుగు మహారాష్ట్రము సాంఘిక బహిష్కారమును నిషేధించుచు 2016లోనే శాసనము చేసినది. ఇక బీడీలు చుట్టి సంసారముల నీడ్చు స్త్రీలు ఈ కమిటీలలో కానవచ్చుట అరుదు.

కమిటీలను రద్దుచేయుడని మేము కోరము. ఊరికై చేయి విదల్చు అలవాటు ఒకసారి పోయిన మరల రాదు. లెక్కలు మాత్రము గ్రామసభలో చదువవలెను. మడిగె లెచ్చట, మురుగుకాలువ యెటు, పసుపు ఆరబోయు కల్లముల కెంత చోటు విడువవలెను అను విషయములు పంచాయతితో కూర్చుండి తేల్చవలెను. మద్యము నమ్ము హక్కును వేలము వేయుట నేడే మానవలెను.