ఇనుములోని కనబడని బీటలు

కొన్నేండ్ల క్రిందట నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు త్రోవలో, వడ్లబస్తాలతో పోవుచున్న ట్రాక్టరు ముందుచక్రము ఊడి పొలములోనికి దొర్లిపోయెను. విరిగినది చక్రమును మోయు ఇరుసుకొన. ఆ పాతబండిని కొనుమని రైతునకు సలహా యిచ్చినవాడను నేనే. కొనునాడు మేస్త్రి ఇరుసును సుత్తితో తట్టి, "కంచువలె మ్రోగుచున్నది, భయము లేదు" అనెను, నేనును తలయూపితిని. దైవవశమున ఎవరికిని దెబ్బ తగులలేదు గాని, కోతలకాలమున పది దినములు బండి మూలబడెను.

విరిగిన ముక్కను చేతబట్టి చూచితిని. ముప్పాతిక భాగము నలుపెక్కి, నునుపుగా, ఆలుచిప్పమీది గీతలవంటి గీతలతో నుండెను. తక్కిన పాతికమాత్రమే గరుకుగా, క్రొత్తగా మెరయుచుండెను. అనగా ఆ యినుము ఆనాడు విరిగినది కాదు. బహుకాలమునుండి కొంచెము కొంచెముగా చీలుచు, తుదకు పాతికభాగముతోనే బరువు మోయుచుండెను. ట్రాక్టరు ఇరుసులకును మోటారుపంపుల షాఫ్టులకును ఇట్టి బీటలు తరచుగా లావు తగ్గి సన్నమగు మలుపునగాని, కీవే మూలనుగాని పుట్టును.

వస్తువును చెరుపకయే ఇట్టి బీటను పట్టు ఉపాయము కలదు. 1868లో ఇంగ్లండునందు సాక్స్‌బీ అనునాయన తుపాకిగొట్టములను అయస్కాంతములుగా చేసి, వానివెంట దిక్సూచిని నడపి, ముల్లు తొట్రుపడిన చోటునుబట్టి లోపము కనుగొనెను. నేటి పద్ధతియు ఆ జాతిదే. ఉక్కులో విద్యుత్తును పంపియో, చుట్టును తీగచుట్టను ఉంచియో దానిని అయస్కాంతముగా చేసి, నూనెలో కలిపిన సన్నని ఇనుపపొడిని పైని పోయుదురు. గండిపడినచోట కాలువనీరు వెలికి పొంగినట్లు, బీటయొద్ద అయస్కాంతబలము వెలికి పొంగును. పొడి అచ్చట చేరి వెంట్రుకంత బీటను గీతగా చూపును. బలరేఖలకు అడ్డముగానున్న బీటలే చక్కగా కనబడును గనుక, నిలువునను అడ్డమునను రెండుమార్లు పరీక్షింపవలెను. ఒక్కమారు చాలుననువానిని నమ్మకుడు. పిదప అయస్కాంతత్వమును తీసివేయింపవలెను. లేనిచో ఇనుపరజను అంటుకొని బేరింగులను తినును.

ఇత్తడికిని అల్యూమినియమునకును ఈ పొడి పనికిరాదు. ఏ.సీ. కరెంటు పారు తీగచుట్టను వానిదగ్గరకు తెచ్చినచో లోహములో సుడిప్రవాహములు పుట్టును. బీట వానిని ప్రక్కకు మళ్లించును, కొలతముల్లు కదలును. 1831లో ఫారడే కనుగొన్న ధర్మమే దీనికి మూలము. తమిళనాట కల్పాక్కములోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రమువారు ఈ విద్యలో ఎంతయో కృషి చేసిరి. అయినను ఈ రెండు పద్ధతులును పైపొరను, దాని క్రింద కొలదిలోతును మాత్రమే చూపగలవు.

పాతబండి కొనువారు ముందిరుసుకొనలను విప్పించి, కడిగించి, ఈ పరీక్ష చేయింపుడు. ఒక్కనికి ఖర్చు బరువైనచో పదిమంది సభ్యులు తమ భాగములను కలిపి ఒక్కతూరి పంపవచ్చును. కే.సీ. కాలువలో నీరు లేని వేసవి దినములు ఇందుకు అనువు. అప్పుడు బండ్లకును పని తక్కువ.