సరిగా మూసికొనని కారు తలుపు

ఇంటి తలుపు సరిగా పడకున్నచో గాలి వచ్చును, రాత్రి చప్పుడు చేయును, దొంగభయము కలుగును. కారు తలుపు సంగతి వేరు. అది పరుగెత్తుచున్న గోడలో ఒక భాగము. ఆ గోడకు ఆనుకొని మన బిడ్డలు కూర్చుందురు. కావున అది ఒక అంగుళములో నాలుగవ వంతు వెలుపలికి నిలిచియున్నను ఉపేక్షింపరాదు.

ఈ మాట నేను అనుభవము వలననే చెప్పుచున్నాను. కొన్ని సంవత్సరముల క్రిందట మా యింట ఒక పాత అంబాసిడరు కారు ఉండెడిది. 1950ల చివరినుండి 2014 వరకు పశ్చిమ వంగదేశములోని ఉత్తరపారాలో తయారైన ఆ బండ్లను ఎరుగనివారు మన దేశమున అరుదు. మా బండికి ఎడమవైపు వెనుక తలుపు ఒడలితో సమముగా చేరక, వెనుక అంచున కొంచెము ఎత్తుగా నిలిచియుండెడిది. బాగుచేయువానిని అడుగగా, "ఏమీ లేదు బాబూ, కాస్త గట్టిగా వేయండి, అదే పడుతుంది" అనెను. మేమును గట్టిగానే వేయుచు వచ్చితిమి. ఒకనాటి సాయంకాలము బండి వీధి చివర కుడివైపునకు మళ్లుచుండగా, తలుపునకు ఆనుకొని కూర్చున్న మా అన్నగారి అమ్మాయితో సహా ఆ తలుపు తెరచుకొన్నది. ప్రక్కనున్న మా అమ్మగారు పిల్ల గౌను పట్టి లోనికి లాగుటచేత ప్రమాదము తప్పినది. బండి మెల్లగా పోవుచుండుట మా అదృష్టము.

బండి కుడికి తిరిగినప్పుడు లోపలివారు ఎడమకు ఒరుగుదురు. ఆ ఒరుగుడు బరువంతయు ఎడమ తలుపు మీద పడును. తలుపు పూర్తిగా పట్టుకొని యున్నచో ఆ బరువు దానికి లెక్క కాదు. కాని మా తలుపు పూర్తిగా పట్టుకొనలేదు. ఎందువలననో తెలిసికొనుటకు తలుపు కట్టుబాటును కొంచెము చూడవలెను.

కారు తలుపు ముందు అంచున రెండు బందుల మీద వ్రేలాడుచుండును. ఒక్కొక్క బందులో ఒక ఇనుప చీల ఉండును. వెనుక అంచున లాకు ఉన్నది. ఆ లాకునకు ఎదురుగా బండి స్తంభమునకు మరచీలలతో బిగించిన ఇనుప పట్టు ఒకటి కలదు. మెకానికులు దీనిని స్ట్రైకరు అందురు. తలుపు చుట్టును రబ్బరు బీడింగు ఉండి వానను, దుమ్మును ఆపుచు, తలుపును కొంచెము వెలుపలికి నెట్టుచుండును. బందులు తలుపును మోయును, లాకు పట్టుకొనును, రబ్బరు బిగుతు నిచ్చును. ఈ మూడింటిలో ఏది తప్పినను తలుపు సమముగా నిలువదు.

లాకునకు రెండు మెట్లుండును. తలుపు సగము పడినప్పుడు మొదటి మెట్టు పట్టును. పూర్తిగా పడినప్పుడు రెండవది పట్టును. ఈ రెంటికిని బలములో గల భేదము చాల ఎక్కువ. ప్రమాదములలో తలుపులు తెరచుకొని ప్రయాణికులు వెలుపల పడుటయే అనేక మరణములకు కారణమని అమెరికాలో 1950లలో పరిశోధకులు గుర్తించిరి. ఫోర్డు కంపెనీ 1956 నాటి బండ్లలో బలమైన లాకులను అమర్చినది. 1968 నుండి అక్కడ తలుపు లాకులకు ప్రభుత్వ ప్రమాణము అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము ప్రక్క తలుపు లాకు పూర్తి పట్టులో బండి నిడివి దిశగా 11,000 న్యూటనుల లాగుడునకు, అనగా సుమారు 1,100 కిలోగ్రాముల బరువునకు, ఆగవలెను. మొదటి మెట్టులో ఆగవలసినది 4,450 న్యూటనులు మాత్రమే. క్రొత్త లాకుకే ఇంత భేదమున్నప్పుడు, అరిగిన లాకు మొదటి మెట్టున నిలిచినచో దానిని మూసిన తలుపు అనరాదు. మా తలుపు నెలల తరబడి ఆ మొదటి మెట్టు మీదనే ప్రయాణము చేసినది.

ఇక దోషమును కనుగొను విధానము. మొదట పనిముట్టును చేతబట్టక కన్నులతో చూడవలెను. బండిని సమతలమున నిలిపి, తలుపు మూసి, నాలుగడుగులు వెనుకకు పోయి తలుపు చుట్టునున్న సందును పరికింపుడు. సందు అంతటను ఒకే వెడల్పున ఉన్నచో బందులు బాగున్నవి; దోషము స్ట్రైకరునందో రబ్బరునందో ఉండవచ్చును. అట్లుగాక ముందు అంచున పైన వెడల్పుగా, క్రింద ఇరుకుగా ఉండి, వెనుక అంచున పైన ఇరుకుగా, క్రింద వెడల్పుగా ఉన్నచో తలుపు వెనుకభాగము క్రిందికి జారినదని తెలియవలెను. ఒడలి మీది గీత తలుపు వద్దకు వచ్చుసరికి క్రిందికి దిగియుండుట కూడ దీనికే గుర్తు.

తరువాత తలుపును సగము తెరచి, వెనుక అంచును రెండు చేతులతో పట్టి మెల్లగా పైకెత్తుడు. బందులో చీల కదలి టక్కుమన్నచో చీల అరిగినది. బందు మొత్తము స్తంభము మీద కదలినచో మరచీలలు వదులైనవి, లేదా అచ్చటి రేకు చీలినది. ఏదియు కదలకున్నను తలుపు జారియున్నచో బందు వంగినది, లేదా బండి ఒడలే మారినది.

మరియొక పరీక్ష మిక్కిలి ఉపయోగకరము. స్ట్రైకరు చుట్టును పెన్సిలుతో గీత గీచి, దానిని ఊడదీసి, తలుపును మెల్లగా దగ్గరకు చేర్పుడు. ఇప్పుడు తలుపును పట్టి లాగునది ఏదియు లేదు. బందుల మీదనే అది సమముగా చేరినచో దోషము స్ట్రైకరుది. సమముగా చేరకున్నచో బందులను చూడక స్ట్రైకరును ఎంత జరిపినను లాభము లేదు. చాలమంది చేయు పొరపాటు ఇదియే. జారిన తలుపును స్ట్రైకరుతో పైకెత్తి పట్టింపజూతురు. అప్పుడు తలుపు పడిన ప్రతిసారియు స్ట్రైకరు దాని బరువును మోయవలసివచ్చి, అదియు లాకును రెండును అరిగిపోవును.

కనుక బాగుచేయుటకు వరుస ఇది: మొదట బందులు, తరువాత స్ట్రైకరు, చివరకు రబ్బరు.

బందు చీల అరిగినచో దానిని మార్చుటయే మార్గము. మరచీలలు వదులైనచో తలుపు క్రింద జాకీ పెట్టి, దాని మీద చెక్కయు గుడ్డయు ఉంచి, తలుపు బరువును ఆనించి, ఒక్కొక్క బందునే సడలించవలెను. రెండింటిని ఒకేసారి సడలించినచో తలుపు స్థానము తప్పిపోవును. సడలించుటకు ముందు బందు చుట్టు గీత గీచుట మరువరాదు. పని చెడినచో పూర్వస్థితికి రావలసినది ఆ గీతను బట్టియే. జరుపుడు ఒక మిల్లీమీటరుకు మించకుండ, జరిపినప్పుడెల్ల బిగించి, తలుపు మూసి చూడవలెను. బందు వద్ద ఒక మిల్లీమీటరు భేదము తలుపు వెనుక చివర అంతకు ఎక్కువగా కనబడును.

బందులు కుదిరిన పిమ్మట స్ట్రైకరు. తలుపు అంచు వెలుపలికి నిలిచియున్నచో స్ట్రైకరును లోపలికి, మరీ లోపలికి పోయినచో వెలుపలికి జరుపవలెను. మరచీలలను పూర్తిగా వదలింపక, సుత్తితో మెల్లగా తట్టిన కదలునంత మాత్రమే సడలింపుడు. లాకు దానిని ఏ ఎత్తున తాకుచున్నదో తెలియుటకు స్ట్రైకరు మీద పలుచగా గ్రీజు పూసి, తలుపును ఒకసారి మూసి తెరచి, పడిన గుర్తును చూడుడు. గుర్తు నడుమ పడవలెను. తలుపు పడునప్పుడు పైకి లేచినను, క్రిందికి దిగినను ఎత్తు కుదరలేదని అర్థము. జరుపుచున్న సమయమున తలుపును విసరి మూయరాదు. లాకు తిరుగక ఇరుకుకొనిపోవచ్చును.

రబ్బరును పరీక్షించుటకు ఒక కాగితపు ముక్క చాలును. దానిని తలుపు సందున ఉంచి, మూసి, లాగి చూడుడు. చుట్టును ఒకే విధమైన బిగువున రావలెను. ఒకచోట జారివచ్చి, మరియొకచోట చిరిగిపోవునంత బిగువుగా ఉన్నచో తలుపు ఇంకను మెలితిరిగి యున్నదన్నమాట. క్రొత్త రబ్బరు వేయించిన వెంటనే తలుపు ఎత్తుగా నిలుచుట సహజము. అది కొన్నాళ్లకు అణగును. అసలు కొలతకన్న మందమైన రబ్బరు మాత్రము ఎన్నటికిని అణగదు.

ఇంత చేసినను కుదరని తలుపులు కొన్ని కలవు. తలుపులోనికి అద్దము ప్రక్కనుండి వాననీరు దిగుచునే యుండును. అది పోవుటకు తలుపు అడుగున చిన్న రంధ్రములుండును. అవి మట్టితో పూడినచో నీరు నిలిచి రేకును తుప్పు తినివేయును. విశాఖపట్టణము, కాకినాడ వంటి సముద్రతీరములందు ఉప్పుగాలి వలన ఇది మరింత త్వరగా జరుగును. తుప్పు తలుపుతో ఆగక స్తంభమునకు, గుమ్మము క్రింది దూలమునకు ప్రాకినచో బండి ఒడలే కుంగును. బండిని ఒకవైపు జాకీ మీద ఎత్తినప్పుడు తలుపు సందు వెడల్పు కంటికి కనబడునంత మారినచో, దోషము తలుపుది కాదు, బండిది. దానికి స్క్రూడ్రైవరు చాలదు. తుప్పు రేకును కోసివేసి క్రొత్తది అతుకు పనివాడు కావలెను. ప్రమాదములో గుద్దుకొనిన బండి తలుపు కూడ ఇట్టిదే. నేటి బండ్లలో కొన్నింటి తలుపులలో గాలిసంచులకు సంబంధించిన తీగెలు, పరికరములు ఉండును గనుక వానిని తెలిసినవారికే విడిచిపెట్టుట మేలు.

మా బండి తలుపు కథ ఇంత పెద్దది కాదు. పై బందు చీల సగమునకు అరిగియుండెను. తలుపు జారి, లాకు స్ట్రైకరు క్రింది అంచును తాకుచుండెను. మేము గట్టిగా వేసిన కొలది చీల మరింత అరిగినది. రెండు చీలలు మార్చి, స్ట్రైకరును మునుపటి స్థానమునకు తెచ్చుటకు ఒక పూట పట్టినది. అటు పిమ్మట ఆ తలుపు రెండు వ్రేళ్లతో నెట్టిన పడుచుండెను.

నెలకొకసారి బందులకు చుక్క నూనె, లాకునకు కొంచెము గ్రీజు, తలుపు అడుగు రంధ్రములకు ఒక పుల్ల: ఈ మూడును చాలినంత సంరక్షణ. తలుపును ఆధారముగా పట్టుకొని వ్రేలాడుచు దిగు అలవాటును పెద్దలు మానవలెను, పిల్లలకు మాన్పింపవలెను. తలుపు బాగుపడు వరకు ఆ ప్రక్క ఎవరిని కూర్చుండనీయరాదు. త్రాటితో కట్టి నడుపుట ఉపాయము కాదు. తలుపు సరిగా ఉన్నను నడుము పట్టీ కట్టుకొనుట మానరాదు. బయలుదేరుటకు ముందు ప్రతి తలుపును ఒకసారి లోపలినుండి అరచేతితో నెట్టి చూచుటకు పట్టు కాలము ఒక్క నిమిషము కూడ కాదు. ఆనాటి నుండి మా యింట ఆ పని మా అమ్మగారిది.