తెర ముందు పన్నెండు సీట్లు!

విజయవాడ నుంచి ఢిల్లీకి తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. గన్నవరంలో విమానమెక్కితే రెండు గంటల పైచిలుకు. ఆ కాస్త సేపటికే మామూలు టికెట్టు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ పోసి, తెర అవతల ముందు సీట్లలో కూర్చునేవాళ్లు ఎవరు?

మంత్రులూ వ్యాపారులూ సరే. కేంద్ర ప్రభుత్వంలో 14వ వేతన స్థాయి, ఆపైన ఉన్న అధికారులకు బిజినెస్ తరగతిలో వెళ్లే అర్హత ఉంటుంది. వాళ్లతో పాటు మరో రకం ప్రయాణికులూ కనిపిస్తారు. గుడివాడ, ఉయ్యూరు, అవనిగడ్డల నుంచి పిల్లల దగ్గరికి బయల్దేరే అమ్మానాన్నలు! ‘అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్నకు షుగరు... డబ్బు పోతే పోయింది, సుఖంగా వెళ్తారు’ అనుకుంటూ టికెట్టు కొనేది అమెరికాలో ఉన్న కొడుకో కూతురో. మరి ఆ డబ్బుకు నిజంగా దొరికేదేంటి?

నీళ్లు కూడా కొనుక్కోవాల్సిందే!

గన్నవరం రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్. జనానికి అది దగ్గరైంది మాత్రం 2003 సెప్టెంబరులో, హైదరాబాద్ నుంచి ఎయిర్ డెక్కన్ వచ్చాకే. ఆరంభమే గండంతో మొదలైంది. వెంకయ్యనాయుడు తదితరులతో బేగంపేట నుంచి బయల్దేరబోయిన తొలి విమానం ఇంజన్‌లో మంటలు రావడంతో అందరినీ దించేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. అవి 48 సీట్ల చిన్న ఏటీఆర్‌లు. అందులో మర్యాదలేమీ ఉండవు. మంచినీళ్లు కావాలన్నా కొనుక్కోవాలి. అయినా ‘మనమూ విమానమెక్కాం’ అన్న సంబరం ముందు అదో లెక్కా!

తర్వాత గాలి మారింది. 2005లో మొదలైన కింగ్‌ఫిషర్ సీటుకో బుల్లితెర పెట్టి, ప్రయాణికుల్ని అతిథులంటూ పిలిచింది. చవక టికెట్ల డెక్కన్‌ను తనలో కలిపేసుకుంది. చివరికి అప్పుల్లో మునిగి 2012 అక్టోబరులో ఆగిపోయింది. బిజినెస్ తరగతికి పేరుపడ్డ జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న చివరిసారి ఎగిరింది. ప్రీమియం ఎకానమీని దేశీయ మార్గాల్లోకి తెచ్చిన విస్తారా 2024 నవంబరులో ఎయిరిండియాలో కలిసిపోయింది. మన దేశంలో దర్జాగా మర్యాద చేసిన సంస్థలు ఎక్కువ కాలం నిలవలేదన్నమాట. అలాంటిది, అందరికీ ఒకే తరగతి అంటూ ఎదిగిన ఇండిగో కూడా అదే నెలలో ఢిల్లీ-ముంబయి మధ్య ‘స్ట్రెచ్’ పేరుతో 12 పెద్ద సీట్లు వేసింది!

ఎందుకంత ధర?

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, కూడికలూ తీసివేతలూ వస్తే చాలు. ఎయిర్‌బస్ ఎ320లో అన్నీ మామూలు సీట్లే వేస్తే 180 పడతాయి. ఎయిరిండియా నడుపుతూ వచ్చిన ఎ320 నియోల్లో ముందు 12 బిజినెస్ సీట్లూ వెనక 150 మామూలు సీట్లూ ఉండేవి. అంటే 30 మంది కూర్చునే చోటును 12 మందికి ఇచ్చారు. ఒక్కొక్కరిదీ రెండున్నర సీట్ల స్థలం. ఆ ఖాళీ ఖరీదంతా టికెట్టులో పడుతుంది. తర్వాత ఆ విమానాల్ని మార్చి 8 బిజినెస్, 24 ప్రీమియం ఎకానమీ, 132 మామూలు సీట్లు అమర్చారు.

స్థలం తర్వాత కొనుక్కునేది శ్రద్ధ. నిబంధనల ప్రకారం 50 సీట్లకు కనీసం ఒక సిబ్బంది ఉండాలి. ముందు గదిలో పది పన్నెండు మందికే ఒకరు ఉంటారు. పేరు పెట్టి పలకరించడానికీ, కోటు తీసి తగిలించడానికీ, పింగాణీ పళ్లెంలో వడ్డించడానికీ వీలు దొరికేది అందుకే. వెనకున్నవాళ్ల కన్నా వాళ్లకేదో ఓపిక ఎక్కువని కాదు! సినిమాల్లో చూపించినట్టు గ్లాసుల్లో మందు మాత్రం పోయరు. దేశీయ విమానాల్లో మద్యం నిషిద్ధం, ముందైనా వెనకైనా.

తెరంటే చిరాకుపడేవాళ్లూ ఉన్నారు. 2009లో మంత్రులు పొదుపు పాటించాలని యూపీఏ ప్రభుత్వం కోరినప్పుడు, శశిథరూర్ మామూలు తరగతిని ‘పశువుల తరగతి’ అనేసి చిక్కుల్లో పడ్డారు.

పైకెళ్తే చప్పనే!

భోజనం విషయానికొస్తే... ఎంత ఖరీదైన టికెట్టయినా విమానంలో వంట చేయరు. నేలమీద వండి, వేగంగా చల్లార్చి, డబ్బాల్లో ఎక్కించి, పైన ఓవెన్‌లో వేడి చేస్తారు. పెద్ద వంటశాల లేని ఊళ్లకెళ్లే విమానాల్లో తిరుగు ప్రయాణపు భోజనం కూడా మొదటి ఊళ్లోనే ఎక్కించడం మామూలే. దానికితోడు లోపలి గాలిలో తేమ 20 శాతం కన్నా తక్కువ. పీడనమూ తగ్గుతుంది. ముక్కు పొడిబారుతుంది, ఉప్పూ తీపీ సరిగ్గా తెలియవు. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ లుఫ్తాన్సా కోసం ఈ సంగతిని పరీక్షించి, నేలమీద అంతగా నచ్చని టమాటా రసం పైన రుచిగా అనిపిస్తుందని 2010లో తేల్చింది. గోంగూరకీ ఆవకాయకీ అలవాటైన కృష్ణా జిల్లా నాలుకకు విమానం కూర చప్పగా తగిలిందంటే తప్పు వంటవాడిదే అనలేం.

టికెట్టు కొనేముందు...

అమ్మానాన్నల కోసం కొనేవాళ్లు మొదట చూడాల్సింది విమానం ఏదన్నది. గన్నవరం నుంచి హైదరాబాద్ లాంటి దగ్గరి ఊళ్లకు ఇండిగో నడిపే ఏటీఆర్‌లలో 78 సీట్లూ ఒకే తరగతి. తెర ఉండదు. పైగా ఎక్కేది వెనక తలుపు నుంచి. ముందు భాగంలో, అంటే మహారాజులు కూర్చోవాల్సిన చోట, పెట్టెలూ సంచులూ ఉంటాయి! బిజినెస్ టికెట్టు కొన్నా, మొదటి విమానం ఇలాంటిదైతే ఆ ముక్క మామూలు సీట్లోనే గడుస్తుంది. టికెట్టు మీద ఒక్కో ప్రయాణానికీ తరగతి విడిగా రాసి ఉంటుంది, చూసుకోవాలి.

రెండోది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి మామూలు తరగతికి జీఎస్టీ 5 శాతమైతే, పైతరగతులకు 12 నుంచి 18కి పెరిగింది. ముప్ఫై వేల టికెట్టుకు రూ.5,400 పన్నుకే పోతుంది.

ఢిల్లీ వరకూ మోకాళ్లు చాపుకునే చోటు కావాలంటే బిజినెస్ సీటు మేలే. సీటుకూ సీటుకూ మధ్య 40 అంగుళాలు దొరుకుతుంది. ప్రీమియం ఎకానమీలో అది 32 మాత్రమే, మామూలు సీటు కన్నా కొన్ని అంగుళాలు ఎక్కువ, అంతే. సామాను బరువులో వెసులుబాటూ, వరుసలో నిల్చోకుండా చెకిన్ కావడమూ పెద్దవాళ్లకు అసలైన సుఖాలు. చాలామంది వీల్‌చైర్ కోసమని బిజినెస్ కొంటారు. నడవలేని పెద్దవాళ్లకు దాన్ని ఏ తరగతి టికెట్టుకైనా ఇస్తారు. బుక్ చేసేటప్పుడే అడగాలి. అడిగితే విమానాశ్రయం గుమ్మం నుంచి విమానం తలుపు దాకా, దిగాక మళ్లీ బయట కారు దాకా సిబ్బందే తీసుకెళ్తారు.