పుస్తకం అచ్చేస్తే అయిపాయెనా? మోసేటోడు గావాలె!

మా ఇంట్ల అటుక మీద మొన్నటిదాక రెండు పుస్తకాల కట్టలు ఉండె. పదేండ్ల కింద మా దోస్తులందరం తలా కొన్ని పైసలు ఏస్కొని, మా దిక్కు నాట్ల కాడ ఆడోళ్లు పాడే పాటలను పుస్తకం ఏసినం. 500 కాపీలు. సభ పెట్టినం, శాలువలు కప్పుకున్నం, ఫోటోలు దిగినం. తెలిసినోళ్లకు పంచినం. మిగిలినయి అటుకెక్కినయి. మొన్న దించి చూస్తే కింది కట్ట చెదలు తిన్నది. గా పాటలు చెప్పిన అవ్వ ఒకామె పోయి మూడేండ్లాయె. ఆమె చేతుల మేం పుస్తకం పెట్టనే లేదు.

గా సిగ్గుతోనే ఇయ్యాల మీకు వట్టికోట ఆళ్వారుస్వామి ముచ్చట చెప్తున్న.

ఆయన 1915ల నల్గొండ దిక్కు, నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంల పుట్టిండు. చిన్నప్పుడే తండ్రి పోయిండు. ఒక పంతులు ఇంట్ల వంట చేస్కుంట చదువు నేర్సుకున్నడు. హోటల్ల సర్వర్ పని చేసిండు, ప్రూఫులు దిద్దిండు. బడి సర్టిఫికెట్ చూసి మనిషిని లెక్కగట్టేటోళ్లు ఈ మాట యాది పెట్టుకోవాలె.

గసొంటి మనిషి 1938ల సికింద్రాబాద్‌ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టిండు. దేశోద్ధారక అంటే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుకు జనం ఇచ్చిన బిరుదు. పంతులు అదే ఏడు పోయిండు. ఆయన పేరు మీదనే ఈ గ్రంథమాల.

అప్పుడు కాలం ఎట్లున్నదో ఆలోచించుండ్రి. నిజాం రాజ్యం. బళ్లె చదువు ఉర్దూల. సభ పెట్టాలన్నా సర్కారు ఇజాజత్ గావాలె. దానికి గస్తీ నిషాన్ 53 అని ఒక హుకుం ఉండె. ఇగ చదువంటారా, నిజాం పోయినంక 1951ల లెక్కలు తీస్తే గూడ హైదరాబాద్ రాష్ట్రంల నూటికి పదిమందికి గూడ చదువు రాదు. గసొంటి జాగల తెలుగు పుస్తకాల దుకాణం పెట్టుకొని కూసుంటే ఎవరొస్తరు? ఎవరూ రారు.

అందుకే ఆయన కూసోలే. పుస్తకాల మూట నెత్తిన పెట్టుకొని ఊర్లు తిరిగిండు. ఆంధ్రమహాసభ కార్యకర్త గదా, జనం యాడుంటే ఆడికి పోయిండు. చదువు రానోళ్లకు పుస్తకమెందుకని అనుకోలే. ఊర్ల ఒక్కనికి అచ్చరమొచ్చినా వాడు చదువుతడు, పది మంది వింటరు. ఇట్ల ముప్పైకి పైగా పుస్తకాలు తెచ్చిండు.

మధ్యల జైలు. నిజామాబాద్ జైల్ల ఆయనా, దాశరథీ ఒక్కకాడ ఉన్నరు. దాశరథి బొగ్గుతోని గోడల మీద పద్యాలు రాసిన ముచ్చట మీరు బళ్లె ఇనే ఉంటరు. గా దాశరథి మొదటి పుస్తకం ‘అగ్నిధార’ 1949ల వచ్చింది. దాశరథి ఆ పుస్తకాన్ని అంకితమిచ్చింది ఆళ్వారుస్వామికే. తర్వాత ఆయనే కలం పట్టి దొరల దౌర్జన్యం, వెట్టి మీద ‘ప్రజల మనిషి’ నవల రాసిండు. జైల్ల చూసిన బతుకులను ‘జైలు లోపల’ కథలు చేసిండు. ‘గంగు’ నవల రాస్తుండంగనే 1961ల పోయిండు. అప్పటికి 46 ఏండ్లు గూడ నిండలే.

చిన్న ప్రచురణ సంస్థ ఎట్ల బతుకుతదో, ఎట్ల చస్తదో చెప్త. మొదటి పుస్తకం అమ్మితే వచ్చిన పైసలే రెండోదానికి కాయితం, అచ్చు ఖర్చు. అమ్మకం ఆగిందా, రెండో పుస్తకం లేదు. మేం రాసుడు నేర్సుకున్నం, అచ్చేసుడు నేర్సుకున్నం, అమ్ముడు మాత్రం నామోషీ అనుకున్నం. అందుకే మా సంస్థ ఒక్క పుస్తకంతోనే ఆగింది. ఆయన మూట మోసుడు నామోషీ అనుకోలే. అందుకే ఆ గ్రంథమాల నడిచింది.

ఇంకోటి గూడ ఉన్నది. పెద్ద సంస్థ ‘ఇది అమ్ముడుపోతదా?’ అని అడుగుతది. మన భాష, మన కూలోళ్ల పాట ఆడ తేలయి. మనది మనమే అచ్చేసుకోవాలె, మనమే మోయాలె.

తమ్మీ, చెల్లే, మీరు ఫోన్ల మస్తు రాస్తున్నరు. మంచిదే. మీ ఊరి ముచ్చట్లు పదిమంది కలిసి ఒక చిన్న పుస్తకం చేయుండ్రి. 200 కాపీలు చాలు. కని అచ్చుకిచ్చే ముందే ఒక కాయితం మీద రాసుకోండ్రి: ఏ ఊరికి ఎవరు మోస్తరు, ఏ అంగట్ల ఎవరు కూసుంటరు. ఆ కాయితం తయారు గాకుంటే ప్రెస్సుకు పోకుండ్రి.

పోయిన ఆదివారం చెదలు తినని కాపీలు సంచిల ఏస్కొని మా అంగడికి పోయిన. కూరగాయలోళ్ల పక్కన పట్ట పరిచి కూసున్న. పొద్దుగూకే దాక పదకొండు పోయినయి. అండ్ల ఒకటి, పోయిన గా అవ్వ మనుమరాలు కొన్నది. పైసలు వద్దంటే ఇనలే. ఆడనే నిలబడి తన నానమ్మ పాట చదువుకున్నది.

వచ్చే ఆదివారం మళ్ల పోతున్న.