పాల పరీక్ష - పిల్లల పరీక్ష

మీ తమ్ముడో చెల్లెలో ప్రాథమిక పాఠశాలలో చదువుతున్నారా? అయితే వారి ప్రగతి పత్రం ఇంటికి వచ్చిన రోజున మీకొక పని పడుతుంది. అందులో ర్యాంకు ఉండదు. ఎ+, బి+ అనే అక్షరాలుంటాయి. ఎఫ్.ఎ., ఎస్.ఎ. అనే గడులుంటాయి. అమ్మానాన్నలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వే చెప్పు బిడ్డా, వీడు పాసా, ఫెయిలా?" అని మిమ్మల్నే అడుగుతారు. హైస్కూలు విద్యార్థులైన మీరు వారికి ఏమని చెబుతారు? ముందు పాల కేంద్రం సంగతి చెప్పండి!

లాక్టోమీటరును మోసగించవచ్చా?

మొయినాబాద్ మండలంలోని చిన్న మంగళారం వైపు ఊళ్ళవారికి పాల పరీక్ష కొత్త కాదు. పాలలో లాక్టోమీటరు వేసి, అది ఎంత లోతుకు మునిగిందో చూస్తారు. నీటి సాంద్రత 1 అనుకుంటే ఆవుపాల సాంద్రత సుమారు 1.03 ఉంటుంది. నీళ్ళు కలిపితే పాల సాంద్రత తగ్గుతుంది, లాక్టోమీటరు మరికొంత లోతుకు దిగుతుంది. నీళ్ళు కలిపినవాడు దొరికిపోయినట్లే కదా!

కాని ఇందులో ఒక తిరకాసు ఉంది. పాలలోని కొవ్వు నీటికంటె తేలిక. దాని సాంద్రత సుమారు 0.93 మాత్రమే. కాబట్టి మీగడ తీసేస్తే మిగిలిన పాల సాంద్రత పెరుగుతుంది. అందులో తగినన్ని నీళ్ళు పోస్తే మళ్ళీ పాత అంకెకే వస్తుంది. మీగడ పోయింది, నీళ్ళు చేరాయి. అయినా లాక్టోమీటరు "మంచి పాలే" అంటుంది! అది అబద్ధమాడలేదు. దానికి తెలిసింది సాంద్రత ఒక్కటే. అందుకే పాల కేంద్రంలో వెన్న శాతాన్ని కూడా విడిగా కొలుస్తారు.

దీన్నిబట్టి ఒక పరికరం ఒక గుణాన్నే కొలుస్తుందని తెలుస్తున్నది. మరొక సంగతి మీకు ప్రయోగశాలలో అనుభవమే. లోలకం ఆవర్తన కాలాన్ని ఒక్కసారి కొలిచి ఊరుకోరు. పలుమార్లు కొలిచి సగటు తీస్తారు.

బడిలో ఏం మారింది?

ఏడాది చివర జరిగే రాత పరీక్ష కూడా ఒక లాక్టోమీటరు వంటిదే. ఒకమ్మాయి "వేర్లు నీటిని పీల్చుకుంటాయి" అన్న జవాబును కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకుంటుంది. కాని వాడిన మొక్కకు నీళ్ళు ఆకులమీద చల్లాలో, మొదట్లో పోయాలో చెప్పలేదు. ఇంకొక అబ్బాయి టమాట చేనులో ఏ ఆకుకు తెగులు పట్టిందో చూడగానే చెబుతాడు. కాగితంమీద మాత్రం రెండు వాక్యాలు రాయలేడు. ఇద్దరి అసలు సంగతీ ఆ ఒక్క మార్కులో కనబడదు.

ఈ లోపాన్ని పెద్దలు చాలాకాలంగా చర్చిస్తూ వచ్చారు. 1993లో యశ్‌పాల్ కమిటీ భారం లేని చదువు కావాలన్నది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బట్టీ చదువును వద్దన్నది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 'నిరంతర సమగ్ర మూల్యాంకనం' జరగాలన్నది. నిరంతరం అంటే ఏడాది పొడవునా. సమగ్రం అంటే అన్ని వైపులనుంచీ. 2012 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి తగినట్లుగా కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చాయి. 2014లో ఏర్పడిన తెలంగాణ ఈ పద్ధతిని కొనసాగించింది.

ఎఫ్.ఎ. అంటే నిర్మాణాత్మక మూల్యాంకనం. పాఠం నడుస్తూ ఉండగానే చేసేది. దీనికి నాలుగు సాధనాలు: తరగతిలో పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు, సొంతంగా రాసిన రాత పనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. ఎస్.ఎ. అంటే సంగ్రహణాత్మక మూల్యాంకనం. కొన్ని పాఠాలు ముగిశాక పెట్టే పెద్ద పరీక్ష. అంటే పరీక్షలు పోలేదు. కొలిచే సాధనాలు పెరిగాయి. లోపం దిద్దుకునే వ్యవధి ఉండగానే అది తెలిసే ఏర్పాటు జరిగింది.

అమ్మానాన్నల సందేహాలు

"ఫెయిల్ చేయకుంటే పిల్లలు చదువుతారా?" అని వారు అడగవచ్చు. 2009 నాటి చట్టం 8వ తరగతి దాకా ఎవరినీ అదే తరగతిలో ఆపరాదన్నది. 2019లో దాన్ని సవరించారు. 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టి, తప్పినవారిని ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాలు నిర్ణయించుకోవచ్చు. అయితే తప్పినవారికి ముందుగా అదనపు బోధన చేసి, రెండు నెలలలోగా మళ్ళీ అవకాశం ఇవ్వాలి. ఎనిమిదేళ్ళ చదువు పూర్తయ్యేదాకా ఎవరినీ బడినుంచి తీసివేయరాదు.

"ఇంగ్లీషు పుస్తకం మాకెట్ల తెలుస్తది?" అన్నది మరొక సందేహం. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టినప్పుడు, పాఠాన్ని ఒక పేజీలో తెలుగులో, ఎదుటి పేజీలో ఇంగ్లీషులో ముద్రించారు. అటువంటి పుస్తకం ఇంట్లో ఉంటే, తెలుగు పేజీ చూసి అమ్మ కూడా ప్రశ్న అడగవచ్చు.

మీగడ తీయకండి!

ఇప్పుడు మీతో ఒక మాట. చెల్లెలి ప్రాజెక్టును మీరు రాసిపెడుతున్నారా? దుకాణంలో కొన్న చార్టును అంటించి పంపుతున్నారా? అది మీగడ తీసి నీళ్ళు పోయడం వంటిదే. కొలత బాగానే వస్తుంది. కాని ఆ పాపకు చదవడం రాదన్న సంగతి ఎవరికీ తెలియదు. అలాగే తరగతులు దాటి హైస్కూలుకు వస్తే అక్కడ పాఠం అందదు. పాఠం అందని పిల్లలకు బడిమీద మనసు పోతుంది. కొందరు మానేస్తారు కూడా. తప్పులున్నా సరే, ఆ పని పాపే చేయాలి. ఆ తప్పును చూసే కదా ఉపాధ్యాయుడు దిద్దేది!

మీరే చేసి చూడండి

దేశంలో 2021లో ప్రారంభమైన 'నిపుణ్ భారత్' కార్యక్రమం, 3వ తరగతి ముగిసేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలని, 9999 వరకు సంఖ్యలు చదివి రాయగలగాలని లక్ష్యం పెట్టుకున్నది. తెలంగాణలో 2022లో 'తొలిమెట్టు' ఇందుకే మొదలయింది. మీ ఇంట్లో 3వ తరగతి పూర్తిచేసిన పిల్లలుంటే ఇలా పరీక్షించండి.

1. ఇంతకుముందు చూడని కథలోంచి ఒక పేరా చదివించండి.
2. పుస్తకం మూసి, ఆ సంగతిని సొంత మాటల్లో చెప్పమనండి.
3. 4,070 అనే సంఖ్యను నోటితో చెప్పి రాయమనండి. 470 అని రాశారా? సున్న స్థానం ఇంకా పట్టుబడలేదన్నమాట.
4. కిలో రూ. 30 చొప్పున 3 కిలోల టమాటలకు ఎంత అవుతుందో అడగండి.

మార్కులు వేయకండి. వచ్చినది ఒకవైపు, రానిది ఒకవైపు రాయండి. రెండు వారాల తరువాత మళ్ళీ చేయండి. రెండు కాగితాలనూ అమ్మానాన్నలకు చూపించి, బడికి వెళ్ళినప్పుడు "ఎన్ని మార్కులు?" అని గాక, "ఏది వచ్చింది, ఏది ఇంకా రాలేదు?" అని అడగమనండి. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. కమిటీలో సగం మంది స్త్రీలు కావాలి. కాబట్టి ఈ ప్రశ్న అడిగే హక్కు అమ్మకు కూడా ఉన్నది.