అయిదో తీగ

ముల్లు ఇంకా రికార్డు మీద దిగలేదు. పళ్లెం తిరుగుతోంది, యాంప్లిఫయర్ మీద ఎర్రదీపం వెలిగింది. వాల్యూమ్ కొంచెం పెంచగానే, పాటకంటే ముందు స్పీకర్లలోంచి ‘ఊఁ...’ అని ఒక బొంగురు మోత మొదలైంది. ముల్లు దించితే ఘంటసాల గొంతు వస్తుంది, నిజమే. కానీ శ్లోకానికీ శ్లోకానికీ మధ్య, ఆయన ఊపిరి తీసుకునే చోట, ఆ మోత మళ్లీ తల ఎత్తుతుంది. పాత రికార్డుల మీద ముచ్చటతో టర్న్‌టేబుల్ తెచ్చుకున్నవాళ్లలో చాలామంది మొదటి సాయంత్రమే దీన్ని వింటారు. మెకానిక్కులు దీన్ని హమ్ అంటారు.

ఈ మోతకు శ్రుతి కూడా ఉంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దానికి రెండు స్థాయిలు పైన 200. అయిదు శ్రుతిలో షడ్జం 196 దగ్గర పలుకుతుంది. అంటే మన ఇళ్లలో కరెంటు అయిదు శ్రుతికి ఇసుమంత పైన, మంద్రానికీ కింద పాడుతోందన్నమాట. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది కాబట్టి, అక్కడున్న మనవాళ్ల ఇళ్లలో ఇదే మోత ఆరున్నరకీ ఏడుకీ నడుమ పలుకుతుంది. చెవి ఉన్నవాళ్లను ఇది మరీ బాధపెడుతుంది. రికార్డులో గాయకుడిది ఒక శ్రుతి, వెనకాల గోడలోంచి వచ్చేది ఇంకో శ్రుతి.

ఈ యంత్రానికి ఆ మోత పుట్టుకతో రాలేదు. 1877లో ఎడిసన్ తగరపు రేకు చుట్టిన సిలిండర్ మీద తన గొంతును గీయించి మళ్లీ విన్నప్పుడు అందులో కరెంటు ప్రసక్తే లేదు. పదేళ్ల తర్వాత ఎమిల్ బెర్లినర్ సిలిండర్‌ను వదిలేసి చదునైన బిళ్ల మీద గాడి గీయడం మొదలుపెట్టి, తన యంత్రానికి గ్రామఫోన్ అని పేరు పెట్టాడు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్‌జాన్ పాటలు రికార్డు చేసినప్పుడూ అంతే. ఆమె గొంతు బాకాలోకి పోయి, ఆ గాలి అదురుకే కొసన ఉన్న ముల్లు మైనంలో గాడి కోసింది. వినేవాళ్లు కీ తిప్పితే స్ప్రింగు బిగిసేది, ముల్లు అదిరేది, బాకా దాన్ని పెద్దది చేసేది. మన తాతల ఇళ్లలో నాటక పద్యాల ప్లేట్లు తిరిగిన పెట్టెల్లో ముల్లు గీరుకునే చప్పుడు ఉండేది కానీ, ఈ ఊఁకారం లేదు. తీగే లేని యంత్రంలోకి కరెంటు మోత ఏ దారిన వస్తుంది?

1925లో మైకు, వాల్వులతో రికార్డు చేయడం మొదలైంది. కొన్నేళ్లలోనే వినే యంత్రానికి కూడా ప్లగ్గు వచ్చింది, దాని వెంటే మోతా వచ్చింది. వాల్వు లోపలి ఫిలమెంటును వేడిచేసే కరెంటు కూడా సెకనుకు 50 సార్లు ఊగేదే. అందుకే ఆ కాలపు యాంప్లిఫయర్ విప్పి చూస్తే ఫిలమెంటుకు వెళ్లే రెండు తీగలూ పేనినట్టు మెలిపెట్టి ఉంటాయి. ఒక తీగలో పోయే కరెంటు, ఇంకో తీగలో తిరిగొచ్చే కరెంటు పక్కపక్కనే ఉంటే ఒకదాని అయస్కాంత ప్రభావాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది. హమ్‌తో మనిషి చేసిన తొలి యుద్ధాల్లో ఇది ఒకటి. చేతిపనిలో ఇంత అందమైన ఉపాయం నేను మరొకటి చూడలేదు.

అయినా ఆ రోజుల్లో హమ్ ఇంత మొండిది కాదు. చవక పెట్టె ప్లేయర్లలో ముల్లు వెనక ఉండేది స్ఫటికం. నొక్కితే కరెంటు పుట్టించే గుణం దానిది. అరవోల్టు, ఒక వోల్టు దాకా ఇచ్చేది. అంత బలమైన గొంతు ముందు చిన్న మోత వినపడదు. కాకపోతే రోషెల్ ఉప్పుతో చేసిన తొలి స్ఫటికాలు ఎండకు, చెమ్మకు పాడయ్యేవి. తర్వాత వచ్చిన సెరామిక్ రకాలు తట్టుకున్నాయి. అసలు చిక్కు వేరే. ఆ ముల్లు గాడిని గట్టిగా తొక్కేది. విన్న కొద్దీ రికార్డు అరిగేది.

ఆ అరుగుడు తగ్గించడానికి ఇంజినీర్లు అయస్కాంతం వైపు తిరిగారు. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని ఫారడే 1831లోనే చూపించాడు. ముల్లు బిగించిన సన్నని గొట్టం రెండో కొసన వడ్లగింజ కంటే చిన్న అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్టలు. రెండు గ్రాముల బరువు పెడితే చాలు, గాడిలోని ప్రతి వంపునూ చదివేస్తుంది. 1958లో స్టీరియో రికార్డులు బజారులోకి వచ్చాయి. కుడి, ఎడమ గోడల మీద వేర్వేరుగా గీసిన శబ్దాన్ని విడదీసి చదవడానికి ఈ పద్ధతి బాగా అమరింది. అదే ఏడు షూర్ కంపెనీ అలాంటి స్టీరియో కార్ట్రిడ్జ్‌ను, అంటే ముల్లునూ అయస్కాంతాన్నీ తీగచుట్టలనూ పట్టుకున్న చిన్న పెట్టెను, తెచ్చింది. ఇవాళ మన ఇళ్లకు వచ్చే టర్న్‌టేబుళ్లలో చాలా వాటికి ఉన్నది ఈ జాతిదే.

ఇక్కడే హమ్‌కు తలుపు బార్లా తెరుచుకుంది. తీగచుట్టకు తన అయస్కాంతం ఏదో, పరాయి అయస్కాంతం ఏదో తెలియదు. పక్కనున్న యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా సెకనుకు 50 సార్లు ఇటు తిరిగి అటు తిరిగే అయస్కాంతమే. కార్ట్రిడ్జ్ దాన్నీ సంగీతంలాగే చదివి పంపుతుంది. పైగా అది పంపేదే బహు తక్కువ. సీడీ ప్లేయర్ రెండు వోల్టులు ఇచ్చేచోట ఇది ఇచ్చేది అయిదు మిల్లీవోల్టులు, అంటే నాలుగు వందల్లో ఒక వంతు.

దీనికి తోడు 1954లో జరిగిన ఒక ఒప్పందం ఉంది. మృదంగం, బేస్ గిటారు వంటి లోతు శబ్దాలను ఉన్నవి ఉన్నట్టు గీస్తే గాడి అటూ ఇటూ విపరీతంగా ఊగి పక్క గాడిలోకి పోతుంది. ఒక వైపున ఇరవై నిమిషాల పాట పట్టదు. అందుకని గీసేటప్పుడు లోతు శబ్దాలను కుదించి, వినేటప్పుడు అంతకు అంతా పెంచాలని అమెరికా రికార్డు పరిశ్రమ సంఘం ఒక లెక్క ఖాయం చేసింది. ప్రపంచమంతా క్రమంగా దాన్నే పాటించింది. ఆ లెక్క ప్రకారం 50 దగ్గర పెంపు మామూలు కంటే ఏడు రెట్లు. కార్ట్రిడ్జ్ పంపినదాన్ని పెంచే ఫోనో యాంప్లిఫయర్ మామూలుగానే వంద రెట్లు పెంచుతుంది కాబట్టి, సరిగ్గా మన కరెంటు పాడే స్వరం దగ్గర అది ఏడు వందల రెట్లు పెంచుతుంది. వోల్టులో లక్షో వంతు దూరితే చాలు, అది ఏడు మిల్లీవోల్టులై బయటికొస్తుంది. సంగీతంలో డెబ్బయ్యో వంతు. నిశ్శబ్దంలో చెవి దాన్ని పట్టేస్తుంది. కొందరు రికార్డుదే తప్పంటారు, కొందరు టర్న్‌టేబుల్ నాసిరకం అంటారు. రెండూ కావు. అంత చిన్న శబ్దాన్ని వినే శక్తి ఉన్న యంత్రం ఏదైనా ఆ చిన్న మోతను కూడా వింటుంది.

కార్ట్రిడ్జ్ వెనక నాలుగు సన్నని తీగలుంటాయి. తెలుపు, నీలం ఎడమవి. ఎరుపు, ఆకుపచ్చ కుడివి. ఇవి పాటను మోస్తాయి. టర్న్‌టేబుల్ వెనక నుంచి మామూలు కేబుల్‌తో పాటు కొసన పంగ ఉన్న ఇంకో బక్కతీగ వస్తుంది. అది పాటలో ఒక్క అక్షరం కూడా మోయదు. కార్ట్రిడ్జ్‌ను మోసే టర్న్‌టేబుల్ చేతినీ, లోపలి ఇనుమునూ యాంప్లిఫయర్ గ్రౌండ్‌కు కలుపుతుందంతే. గాలిలో ఉన్న కరెంటు ప్రభావం ఆ లోహం మీద పడినప్పుడు, అది తీగల్లోకి దూరకుండా ఈ అయిదో తీగ దాన్ని పక్కదారిన దించేస్తుంది. తగిలించడం మరిచిపోతే మోత తప్పదు.

నాలుగేళ్ల కిందట మా ఇంట్లో తగిలించే ఉంది, అయినా మోత. వేలితో చేతిని తాకితే మోత మారుతోంది. అంటే ఆ లోహం ఎక్కడికీ సరిగా కలవలేదు. స్క్రూ విప్పి చూస్తే పంగ మీద పచ్చగా కిలుము. గరుకు కాగితంతో రుద్ది, ఎర్రటి రాగి బయటపడ్డాక బిగించాను. మోత తగ్గింది. పోలేదు.

రెండోసారి మోటారు ఆపేసి, రికార్డు తీసేసి, చేతిని గాలిలోనే మెల్లగా మధ్య కడ్డీ వైపు జరిపాను. లోపలికి పోయే కొద్దీ మోత పెరిగింది. వెనక్కి తెస్తే తగ్గింది. మోటారు తిరగడం లేదు కాబట్టి దాని తప్పు కాదు. కింది అరలో యాంప్లిఫయర్ ఉంది, దాని ట్రాన్స్‌ఫార్మర్ ఎడమ మూలన ఉంది. కార్ట్రిడ్జ్ దాని నెత్తిమీదికి పోతోంది. యాంప్లిఫయర్‌ను రెండడుగులు పక్కకు జరిపితే సగానికి సగం మోత పోయింది. పైసా ఖర్చు లేదు.

మిగిలింది దొరకడానికి వారం పట్టింది. మా వీధి చివర ముప్ఫయ్యేళ్లుగా రేడియోలు బాగుచేస్తున్న పెద్దాయన్ని అడిగితే, “ముందు అన్నీ పీకెయ్యి బాబూ, ఒక్కొక్కటీ మళ్లీ పెట్టు, ఏది పెట్టినప్పుడు వస్తుందో చూడు” అన్నాడు. పీకుతూ పోతే టీవీ సెట్‌టాప్ బాక్సుకు వచ్చే డిష్ కేబుల్ దగ్గర మోత తెగిపోయింది. డిష్‌కూ గ్రామఫోనుకూ ఏమిటి సంబంధం? యాంప్లిఫయర్ మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా ఇంటి ఎర్త్‌కు కలిసి ఉంది. డిష్ కేబుల్ పై అల్లిక మేడ మీది ఇనుప చట్రానికి, అక్కడి నుంచి స్లాబు కడ్డీల గుండా ఇంకో దారిన నేలకు చేరుతోంది. నేల ఒక్కటే అయినా ఆ రెండు దారుల మధ్య చిన్న వోల్టేజీ తేడా ఉంటుంది. టీవీకీ యాంప్లిఫయర్‌కూ మధ్య సౌండు కేబుల్ రెండింటినీ కలిపి చక్రం పూర్తి చేసింది. ఆ చక్రంలో తిరిగే కరెంటు యాంప్లిఫయర్ లోపలి గ్రౌండ్ గుండా పోతుంది, ఫోనో భాగం సున్నా అని నమ్ముకున్నది ఆ గ్రౌండ్‌నే. సౌండు కేబుల్ తీసేసి, చిన్న కన్వర్టర్ పెట్టి ఆప్టికల్ కేబుల్ వేశాను. అందులో పోయేది వెలుగు. రాగి లేదు, చక్రం లేదు.

వినపడిన మోత ఒకటే, కారణాలు మాత్రం మూడు. చాలామంది ఒకటి సరిచేసి, మోత ఇంకా ఉందని నిరాశపడి యంత్రాన్ని అటక ఎక్కిస్తారు. అలా చేయకండి. సగం తగ్గితే సగం గెలిచినట్టే. మోత మెత్తగా ‘ఊఁ’ అంటే ఎర్త్ వైపు, ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూడండి. గరగరలాడుతుంటే ఫ్యాన్ రెగ్యులేటర్ కట్టేసి చూడండి, కొన్ని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటు అలను మధ్యలో తుంచుతాయి. ఏ మీట తిప్పినా మారకుండా ఉంటే పాత యాంప్లిఫయర్‌లో ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయి ఉండొచ్చు. అది మెకానిక్కు పని.

ఒక్క విషయం బతిమాలి చెబుతున్నాను. యాంప్లిఫయర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే హమ్ పోతుందని ఎవరైనా సలహా ఇస్తారు. చక్రం తెగుతుంది కాబట్టి నిజంగానే పోతుంది కూడా. కానీ రేపు లోపల ఇన్సులేషన్ పాడై 230 వోల్టులు ఇనుప పెట్టెలోకి దిగితే, దాన్ని నేలలోకి దించి ఫ్యూజు పోగొట్టే దారి ఉండదు. ఆ కరెంటు గ్రౌండ్ స్క్రూ దగ్గరికి వచ్చి, అయిదో తీగ పట్టుకుని టర్న్‌టేబుల్ చేతిలోకి ఎక్కుతుంది. రికార్డు పెట్టేటప్పుడు మనం వేళ్లతో పట్టుకునేది ఆ చేతినే. ఎర్త్ పిన్నును ఉన్నచోటే ఉంచండి.